గుర్రం జాతి రిజిస్ట్రేషన్ కాగితాలను ఎలా చదవాలి, గుర్రంతో ఎలా సరిచూసుకోవాలి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో గుర్రాన్ని కొనేవారు పెళ్ళి ఊరేగింపులకు, ఆలయ ఉత్సవాలకు అద్దెకిచ్చేందుకో, పిల్లలకు స్వారీ నేర్పేందుకో, పొలం దగ్గర ఇష్టంగా పెంచుకునేందుకో కొంటుంటారు. బెంగళూరు మనకు దగ్గరే కాబట్టి పందేలు మానిన థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి) గుర్రాలు మన వైపు వస్తుంటాయి; రాజస్థాన్‌లోని పుష్కర్, మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతల్లో కొన్న మార్వాడీ గుర్రాలు దళారుల ద్వారా చేరుతుంటాయి. వీటన్నింటికీ అమ్మేవారు చెప్పే మాట ఒకటే: "కాగితాలన్నీ ఉన్నాయి." ఆ కాగితాలు ఏమిటో, వాటిలో ఏ గడిలో ఏమి రాసి ఉంటుందో, దాన్ని ఎదుట నిలబడిన గుర్రంతో ఎలా సరిచూసుకోవాలో తెలియకపోతే ఆ మాటకు విలువ లేదు. పుంగనూరు ఆవుల విషయంలో మన జిల్లావారికి ఇది కొత్త సంగతి కాదు. పొట్టిగా ఉన్న ప్రతి ఆవునూ పుంగనూరు ఆవని చెప్పి అమ్మజూపినప్పుడు, దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఆ సంగతి ఎక్కడ నమోదైంది అని అడిగినవారే మోసపోకుండా బయటపడ్డారు. గుర్రం దగ్గరా అడగవలసిన ప్రశ్నలు అవే.

మొదట: చేతికిచ్చిన కాగితం ఏ రకానిదో తేల్చుకోండి

అమ్మేవారు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చే కట్టలో సాధారణంగా నాలుగైదు రకాల కాగితాలు కలగలిసి ఉంటాయి. జాతి రిజిస్ట్రేషన్ పత్రం అంటే, ఆ జాతికి స్టడ్‌బుక్ (ఏ గుర్రానికి ఏది పుట్టిందో రాసిపెట్టే వంశ నమోదు పుస్తకం) నడిపే సంస్థ, ఫలానా తల్లికీ ఫలానా తండ్రికీ ఫలానా తేదీన పుట్టిన గుర్రం ఇదేనని తన పుస్తకంలో రాసుకుని ఇచ్చిన పత్రం. పాస్‌పోర్టు అనే చిన్న పుస్తకం ఆ గుర్రం ఆనవాళ్ళను, టీకాల వివరాలను మోస్తుంది. వంశవృక్షం అచ్చువేసిన కాగితం వీటిలో ఏదీ కాదు. ఇంటర్నెట్‌లోని వంశావళి జాబితాల్లో ఎవరైనా పేర్లు చేర్చవచ్చు, ఎవరైనా దాన్ని అందంగా అచ్చు తీయించవచ్చు. సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య, ముద్ర, సంతకం లేని వంశవృక్షాన్ని కట్టలోంచి తీసి పక్కన పెట్టేయండి.

పశువైద్యుడిచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం, గ్లాండర్స్ పరీక్ష నివేదిక కూడా ఆ కట్టలో ఉండాలి. అవి జాతిని నిరూపించవు గానీ తప్పనిసరిగా కావాలి. గ్లాండర్స్ మనుషులకు కూడా సోకే వ్యాధి. 2009 నాటి జంతు అంటువ్యాధుల నివారణ చట్టం కింద దాన్ని ప్రభుత్వానికి తెలియజేయవలసి ఉంటుంది. రాష్ట్రం దాటి వచ్చే గుర్రానికి ఈ నివేదిక లేదంటే, జాతి కాగితం ఎంత గొప్పదైనా ఆ గుర్రాన్ని మీ కొట్టంలోకి రానివ్వవద్దని నా సలహా.

ఇక అమ్మకపు పత్రం వేరే విషయం. చాలామంది పాస్‌పోర్టు చేతిలో ఉంటే గుర్రం తమదేననుకుంటారు. పాస్‌పోర్టు గుర్రం ఎవరో చెబుతుంది, ఎవరిదో చెప్పదు. చట్టం దృష్టిలో గుర్రం చరాస్తి కాబట్టి, 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం దానికి వర్తిస్తుంది. అందుచేత స్టాంపు కాగితం మీద రాసుకునే అమ్మకపు పత్రంలో గుర్రం పేరుతో పాటు రిజిస్ట్రేషన్ సంఖ్యనూ, మైక్రోచిప్ (మెడలోకి ఎక్కించే చిన్న గుర్తింపు చిప్) సంఖ్యనూ తప్పకుండా రాయించుకోండి. "ఒక ఎర్ర మగగుర్రం" అని మాత్రమే రాసిన పత్రం రేపు తగవు వస్తే ఏ గుర్రానికైనా సరిపోతుంది.

రెండవది: ఆ జాతికి పుస్తకం ఎవరు నడుపుతారో తెలుసుకోండి

మన దేశంలో థరోబ్రెడ్ గుర్రాల నమోదు పుణెలోని స్టడ్‌బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా చేతిలో ఉంది. ఈ జాతికి పుస్తకం రాయడం 1791లో ఇంగ్లండులో వెదర్‌బీ కుటుంబం మొదలుపెట్టిన జనరల్ స్టడ్‌బుక్‌తో ఆరంభమైంది. నేటి థరోబ్రెడ్ గుర్రాలన్నింటి తండ్రి వరుస బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు మగగుర్రాల దగ్గరికే చేరుతుంది. థరోబ్రెడ్‌గా నమోదు కావాలంటే తల్లిదండ్రులు ఇద్దరూ గుర్తింపు పొందిన స్టడ్‌బుక్‌లో ఉండాలి, సహజమైన దాటింపు ద్వారానే పిల్ల పుట్టి ఉండాలి. కృత్రిమ గర్భధారణ వల్ల పుట్టిన పిల్లను ఈ పుస్తకం ఒప్పుకోదు. కాబట్టి సూదితో కట్టించిన థరోబ్రెడ్ పిల్ల అని ఎవరైనా చెబితే, దానికి ఈ జాతి కాగితం రాదని అప్పుడే గ్రహించండి.

మార్వాడీ గుర్రాల నమోదు 2009 నుంచి మార్వాడీ హార్స్ సొసైటీ ద్వారా మొదలైంది. ఇక్కడ పద్ధతి వేరు. నమోదు కోసం గుర్రాన్ని జాతి లక్షణాలతో పోల్చి చూస్తారు, కొలతలు తీసుకుంటారు, ఆనవాళ్ళు రాసుకుంటారు, తర్వాత చల్లని ముద్రతో రిజిస్ట్రేషన్ సంఖ్యను ఒంటి మీద వేసి ఫొటో తీస్తారు. బాగా చల్లబరచిన లోహపు ముద్ర తగిలిన చోట వెంట్రుకలకు రంగునిచ్చే కణాలు చనిపోయి, తర్వాత అక్కడ తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి; అంకెలు తెల్లగా కనిపిస్తాయి. కాగితంలోని సంఖ్య ఒంటి మీద ఉందో లేదో చూడటం కొనేవారి చేతిలో పని. కొనలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తాకే చెవులుంటే అది మార్వాడీయే అని చాలామంది నమ్ముతారు. గుజరాత్‌కు చెందిన కాఠియావాడీ గుర్రానికీ అలాంటి చెవులే ఉంటాయి, ఈ జాతుల రక్తం కలిసిన సంకర గుర్రాలకూ రావచ్చు. చెవులు చూసి ధర ఒప్పుకోకండి.

మన ప్రాంతానికి ముఖ్యమైన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. ఊరేగింపులకు తెల్లగుర్రం కావాలని అందరూ అడుగుతారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో నాటి రాత్రి స్వామివారు అశ్వవాహనం మీద ఊరేగడం చూసిన కళ్ళకు గుర్రమంటే తెల్లదనమే తోచడం సహజం. అయితే పుట్టుకతోనే చర్మం గులాబీ రంగులో ఉండి ఒళ్ళంతా తెల్లగా ఉండే గుర్రాలను మార్వాడీ పుస్తకంలోకి సాధారణంగా చేర్చుకోరు. వాటిని నుక్రా పేరుతో అమ్ముతారు. అలాంటి గుర్రాన్ని ఊరేగింపుకు కొనడంలో తప్పు లేదు గానీ, దానికి మార్వాడీ రిజిస్ట్రేషన్ ఉందని చెప్పి అదనపు ధర అడిగితే ఆ పత్రాన్ని రెండుసార్లు పరిశీలించండి.

అరబీ గుర్రమని చెప్పేవి మన సంతల్లో చాలా ఉంటాయి. వరల్డ్ అరేబియన్ హార్స్ ఆర్గనైజేషన్ ఒప్పుకున్న స్టడ్‌బుక్‌లో నమోదు లేకపోతే దాన్ని అందమైన గుర్రంగా కొనండి, అరబీ గుర్రంగా కొనకండి.

మూడవది: పత్రంలోని గడులను వరుసగా చదవండి

పేరు గడితో మొదలుపెట్టండి. థరోబ్రెడ్ పేరు ఖాళీలతో కలిపి 18 అక్షరాలకు మించదు, పేరు పక్కన బ్రాకెట్లో పుట్టిన దేశం గుర్తు ఉంటుంది: ఐఎన్‌డీ అంటే భారతదేశం, ఐఆర్‌ఈ అంటే ఐర్లండ్, జీబీ అంటే బ్రిటన్. పందేలు మానిన తర్వాత కొత్త యజమాని గుర్రాన్ని రాజా అనో చేతక్ అనో పిలుచుకుంటాడు, కాగితంలో మాత్రం పాత పేరే ఉంటుంది. పేరు కలవలేదని భయపడవద్దు. మిగతా ఆనవాళ్ళు కలవాలి.

లింగం, రంగు గడుల్లో ఒకటి రెండు ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి. 'బీ' అంటే బే, అంటే ఒళ్ళు ఎర్రగోధుమ రంగులో ఉండి జూలు, తోక, కాళ్ళ కింది భాగం నల్లగా ఉండే గుర్రం. 'సీహెచ్' అంటే చెస్ట్‌నట్, జూలుతో సహా ఒళ్ళంతా ఎరుపు చాయలో ఉండేది. 'జీఆర్' అంటే గ్రే, ముదురు రంగులో పుట్టి వయసుతో తెల్లబడేది. లింగం గడిలో 'జీ' ఉంటే విత్తులు కొట్టించిన మగగుర్రమని అర్థం. పుట్టినప్పుడు ఇచ్చిన పత్రంలో మగపిల్ల అని ఉండి, ఎదుట ఉన్నది విత్తులు కొట్టించినదైతే అది మోసం కాదు, తర్వాత జరిగిన మార్పును రాయించలేదంతే. కానీ ఆడపిల్ల అని రాసి ఉన్న పత్రంతో మగగుర్రాన్ని చూపిస్తే ఆ మాటలు అక్కడితో ఆపేయండి.

పుట్టిన తేదీ దగ్గర ఒక చిక్కు ఉంది. మన దేశంలో థరోబ్రెడ్ వయసును జనవరి 1 నుంచి లెక్కిస్తారు. 2021 మార్చి చివర్లో పుట్టిన పిల్లకు 2022 జనవరి 1న ఒక ఏడాది నిండినట్టే లెక్క. అందుచేత అమ్మేవారు చెప్పే వయసుకూ నిజమైన వయసుకూ కొన్ని నెలల తేడా ఉండటం సహజం, ఏళ్ళ తేడా ఉండటం సహజం కాదు.

ఎత్తు గడిలో 14.2 అని ఉంటే అది పద్నాలుగు పాయింట్ రెండు కాదు. పద్నాలుగు హ్యాండ్‌లు, దాని మీద రెండు అంగుళాలు అని చదవాలి. ఒక హ్యాండ్ నాలుగు అంగుళాలు కాబట్టి మొత్తం 58 అంగుళాలు, దాదాపు 147 సెంటీమీటర్లు. ఎత్తును తల దగ్గర కాదు, మూపు దగ్గర, గుర్రం సమతలం మీద నిలబడినప్పుడు కొలవాలి.

వంశవృక్షంలో ఎడమ నుంచి కుడికి పోతున్నకొద్దీ తరాలు వెనక్కి వెళతాయి. ప్రతి జంటలో పై పేరు తండ్రిది, కింది పేరు తల్లిది. మూడు తరాలకు 14 పేర్లు, ఐదు తరాలకు 62 పేర్లు ఉండాలి. పందెపు లోకంలో ఒక వాడుక గుర్తుంచుకోండి: తల్లి ఒకటే అయి తండ్రులు వేరైతేనే వాటిని సగం తోబుట్టువులంటారు. తండ్రి మాత్రమే ఒకటైతే అలా అనరు, ఎందుకంటే ఒక మగగుర్రానికి ఏటా ఎన్నో పిల్లలు పుడతాయి. "ఫలానా డెర్బీ విజేతకు తమ్ముడు" అని అమ్మేవారు చెప్పినప్పుడు తల్లి పేరు కలిసిందో లేదో కింది వరుసలో చూడండి.

నాలుగవది: కాగితం తనతో తాను పొంతన కుదురుతుందో చూడండి

ఈ పనికి గుర్రం అవసరం లేదు, ఇంట్లో కూర్చుని చేయవచ్చు. దళారి వాట్సాప్‌లో పంపిన ఫొటోతోనే సగం అబద్ధాలు ఇక్కడ బయటపడతాయి.

గుర్రం చూలు దాదాపు 340 రోజులు. దాటించిన తేదీ, ఈనిన తేదీ రెండూ పత్రంలో ఉంటే వాటి మధ్య 320 నుంచి 360 రోజుల దాకా ఉండటం మామూలు. తొమ్మిది నెలల తేడా కనిపిస్తే ఏదో ఒక తేదీ తప్పు. అదే తల్లికి పుట్టిన రెండు పిల్లల పుట్టిన తేదీల మధ్య ఎనిమిది నెలలే ఉన్నాయంటే వాటిలో ఒకటి ఆ తల్లిది కాదు.

రంగులు ఇంకా గట్టి సాక్ష్యమిస్తాయి. చెస్ట్‌నట్ తల్లికీ చెస్ట్‌నట్ తండ్రికీ చెస్ట్‌నట్ పిల్లే పుడుతుంది, బే గానీ నల్లది గానీ పుట్టదు. ఎందుకంటే నలుపును పుట్టించే జన్యువు ఆ ఇద్దరిలోనూ లేదు. బే తల్లిదండ్రులకు చెస్ట్‌నట్ పిల్ల పుట్టడం మాత్రం జరుగుతుంది, ఆ జన్యువు దాగి రాగలదు కాబట్టి. గ్రే పిల్ల పుట్టాలంటే తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు గ్రే అయి ఉండాలి, ఈ రంగు ఒక తరం దాగి తర్వాతి తరంలో బయటపడదు. ఈ సూత్రాల్లో ఏది భంగమైనా తల్లినో తండ్రినో తప్పుగా రాశారనుకోవాలి, లేదా రంగును తప్పుగా గుర్తించి రాశారనుకోవాలి. రెండో అవకాశం నిజంగానే ఉంది, ఎందుకంటే గ్రే పిల్లలు పుట్టినప్పుడు ముదురు రంగులోనే ఉండి, ఏడాదికేడాది తెల్లబడతాయి. పాత పత్రంలో బే అని ఉన్న గుర్రం ఇప్పుడు తెల్లగా కనిపిస్తే, దాని తల్లిదండ్రుల్లో గ్రే ఎవరైనా ఉన్నారా అని చూడండి. ఉంటే ఆ మార్పుకు కారణం దొరికినట్టే. రిజిస్ట్రీలో సరిచేయించవలసి ఉంటుంది.

ఐదవది: పత్రాన్ని పట్టుకుని గుర్రం పక్కన నిలబడండి

అన్నింటికన్నా ఎక్కువ సమయం ఈ అడుగుకే కేటాయించండి. పొద్దుటి వెలుతురులో, గుర్రాన్ని కొట్టం బయట నిలబెట్టించి, ఒళ్ళు కడిగించి చూడండి. అసలు పత్రం లేకుండా జిరాక్సు మాత్రమే తెచ్చి ఉంటే, అసలు వచ్చాకే చూస్తానని చెప్పి తిరిగి రండి. "కాగితాలు తర్వాత పంపిస్తాం" అన్న మాట మీద బయానా ఇవ్వకండి.

ముందుగా మైక్రోచిప్. చిప్‌ను గుర్రం మెడకు ఎడమ పక్కన, తలకూ మూపుకూ మధ్యలో, జూలు కింద ఉండే గట్టి స్నాయువులోకి ఎక్కిస్తారు. చిప్ రీడరు ఉన్న పశువైద్యుడిని వెంట తీసుకెళ్ళండి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నందున గుర్రాల గురించి తెలిసిన వైద్యుడిని వాకబు చేయడం మనకు మరీ కష్టం కాదు. రీడరును మెడకు ఎడమ వైపు మెల్లగా జరిపించండి, పలకకపోతే కుడి వైపు కూడా చూడండి. తెర మీద 15 అంకెలు వస్తాయి. మొదటి మూడు అంకెలు 356 అయితే అది భారతదేశపు సంకేతం. 900 నుంచి 998 మధ్య ఉంటే చిప్ తయారుచేసిన కంపెనీ సంకేతం, అందులో అనుమానించవలసినది ఏమీ లేదు. చివరి నాలుగు అంకెలు కలిశాయని సరిపెట్టుకోకుండా మొత్తం సంఖ్యను ఒకరు పైకి చదువుతుండగా మరొకరు పత్రంలో వేలు పెట్టి సరిచూడండి.

తర్వాత ఆనవాళ్ళ బొమ్మ. పాస్‌పోర్టులో గుర్రం రెండు పక్కలు, ముఖం, మూతి, మెడ కింది భాగం, కాళ్ళ వెనక వైపు కనిపించేలా గీతబొమ్మలు ఉంటాయి. తెల్లమచ్చలను ఎర్ర సిరాతోనూ, సుడులను నల్ల గుణకారపు గుర్తుతోనూ చూపిస్తారు. ఎడమ కుడి అన్నవి గుర్రానివి, చూసేవారివి కావు. ముఖం బొమ్మలో కుడి పక్కన ఉన్న మచ్చ గుర్రానికి ఎడమ కంటి వైపుదన్నమాట. చాలామంది ఇక్కడే తికమకపడి సరైన గుర్రాన్ని కాదనుకుంటారు.

మన పెద్దలు గుర్రాన్ని కొనేముందు సుడులు చూసేవారు. ఫలానా చోట సుడి ఉంటే మంచిదని, ఫలానా చోట ఉంటే అరిష్టమని చెప్పేవారు. శుభాశుభాల మాట ఎలా ఉన్నా, ఒళ్ళంతా తడిమి ఒక్కో సుడినీ గుర్తుపట్టే ఆ అలవాటు మీకుంటే పాస్‌పోర్టు చదవడానికి అంతకు మించిన శిక్షణ అక్కర్లేదు. నుదుటి సుడి కళ్ళ గీతకు పైన ఉందా, సరిగ్గా దాని మీదే ఉందా, కింద ఉందా. ముఖం మధ్య గీతకు ఏ పక్కకు జరిగి ఉంది. ఒకటేనా, జంటా అన్నది చూడండి. ఆ తర్వాత జూలు కింద మెడకు రెండు పక్కలా వేలితో వెంట్రుకల దారి వెంబడి వెళ్ళండి. సుడులు పుట్టుకతో వచ్చి జీవితాంతం మారవు, రంగు వేసి దాచలేరు. ఒంటి మీద ఒక్క తెల్లమచ్చ కూడా లేని బే గుర్రాన్ని అలాంటి మరో గుర్రం నుంచి వేరు చేసేవి చిప్ తర్వాత ఇవే.

తెల్లమచ్చల దగ్గర తడి గుడ్డ వాడండి. తెల్ల వెంట్రుకల కింది చర్మం సాధారణంగా గులాబీ రంగులో ఉంటుంది, తడిపితే అది బయటికి కనిపిస్తుంది. పంచకల్యాణి అని చెప్పి నాలుగు తెల్లకాళ్ళకూ ముఖం మీది తెల్లచారకూ ఎక్కువ ధర అడిగే గుర్రానికి ఈ పరీక్ష తప్పక చేయండి. గుడ్డకు రంగు అంటితే ఇంకేమీ అడగనవసరం లేదు. ప్రతి కాలికీ తెలుపు గిట్ట అంచు దాకానే ఉందా, గిట్ట పైని మడత దాకానా, మోకాలి దాకానా అని బొమ్మతో పోల్చండి.

చివరగా పళ్ళు. ముందు పళ్ళలో మధ్య జత పాలపళ్ళు ఊడి శాశ్వత దంతాలు రెండున్నరేళ్ళకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు వస్తాయి. పాలపన్ను చిన్నగా, తెల్లగా ఉంటుంది. శాశ్వత దంతం పెద్దగా, పసుపు చాయలో ఉంటుంది. పత్రంలో మూడేళ్ళని ఉండి నోట్లో అన్నీ పెద్ద పళ్ళే ఉంటే అది ఆ గుర్రపు పత్రం కాదు. పెద్ద గుర్రాలకు పై దవడ ముందు పళ్ళలో చివరి పన్ను మీద పదేళ్ళ ప్రాంతంలో చిగురు దగ్గర ఒక ముదురు గాడి మొదలై, పదిహేనేళ్ళకు సగం దాకా, ఇరవై ఏళ్ళకు కింది అంచు దాకా దిగుతుంది. పళ్ళ లెక్క ఏడాది రెండేళ్ళు అటూ ఇటూ కావచ్చు, పదేళ్ళు కాదు.

ఆరవది: రిజిస్ట్రీని అడిగి, పేరు మార్పించుకోండి

పత్రంలోని సంఖ్యతో సంబంధిత సంస్థకు ఉత్తరం లేదా ఈమెయిలు రాసి, రిజిస్టరులో యజమానిగా ఎవరున్నారో అడగండి. అమ్మేవారి పేరు వేరైతే మధ్యలో జరిగిన అమ్మకపు పత్రాలన్నీ కావాలి. పందేలు మానిన గుర్రమైతే, మళ్ళీ పందెంలో దించకూడదనో, పిల్లల్ని తీయకూడదనో మొదటి యజమాని షరతు రాశారేమో చూడండి. అలాంటి షరతు ఉన్న ఆడగుర్రాన్ని, రిజిస్టరు చేయించగల పిల్లలు పుడతాయన్న ఆశతో కొంటే డబ్బు వృథా. తల్లిదండ్రుల మీదే సందేహం మిగిలితే డీఎన్ఏ పరీక్ష ఒక్కటే తీరుస్తుంది. అందుకు జూలు నుంచి గానీ తోక నుంచి గానీ కత్తిరించిన వెంట్రుకలు కాదు, కుదుళ్ళతో సహా పీకిన వెంట్రుకలు కావాలి.

కొన్న వెంటనే యాజమాన్యం మార్పు దరఖాస్తు మీ పేరున పంపించండి. రిజిస్టరయిన ఆడగుర్రాన్ని దాటించదలచుకుంటే, దాటించిన రోజునే మగగుర్రం యజమాని చేత తేదీలతో ధ్రువపత్రం రాయించుకోండి; పిల్ల పుట్టగానే సంస్థకు తెలియజేసి, అది తల్లి పాలు మానకముందే పశువైద్యుడి చేత ఆనవాళ్ళు గీయించి, చిప్ వేయించి, వెంట్రుకల నమూనా పంపండి. తల్లి పక్కన ఉన్న పిల్లను గుర్తించడం వేరు, ఏడాది తర్వాత నాలుగు పిల్లల మందలోంచి ఒకదాన్ని చూపించి నమ్మమనడం వేరు. విత్తులు కొట్టించినా, గ్రే గుర్రం రంగు మారినా, గుర్రం చనిపోయినా ఆ సంగతి కూడా సంస్థకు రాయాలి. చనిపోయిన గుర్రం పాస్‌పోర్టును ఎవరికీ ఇవ్వకుండా సంస్థకే తిప్పి పంపండి. సంతలో మరో గుర్రం పక్కన తేలే కాగితాల్లో కొన్ని అలా మిగిలిపోయినవే.